కోళ్ళెందుకు చచ్చినవి? – కొక్కెర తెగులు చెప్పే చరిత్ర



ఈ పూట వరి సంగతి, పత్తి సంగతి కాస్త పక్కన పెడదాం. పెరట్లో తిరిగే నాటుకోడి సంగతి మాట్లాడుకుందాం. అదీ మేత సంగతి కాదు, జాతి సంగతి కాదు. కోడి చచ్చినప్పుడు ‘ఎందుకు చచ్చింది?’ అన్న ప్రశ్నకు మనుషులు జవాబు ఎట్లా వెతికారు, ఎక్కడ పొరబడ్డారు, ఆ పొరపాటు ఎట్లా బయటపడింది, అది ఈనాడు మన కొత్తగూడెం వాకిట్లో ఎందుకు పనికివస్తుంది అన్నదే మన విషయం. ఇది చరిత్రే గాని ముగిసిపోయిన కథ మాత్రం కాదు.

నేను వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిని. పశువైద్యుణ్ణి కాను. అయినా పైరు చూడటానికి ఊళ్ళోకి పోతే ఆడవాళ్ళు అడిగే మొదటి మాట చాలాసార్లు కోళ్ళ గురించే ఉంటుంది. “సారూ, నిన్న మునిమాపు దాకా మంచిగనే మేసినయి. పొద్దున గంప ఎత్తి చూస్తే మూడు చచ్చి ఉన్నయి. ఏమైనట్టు?” అని అడుగుతారు. చాలా మంచి ప్రశ్న అది. చిక్కల్లా జవాబు దగ్గరే వస్తున్నది. ఒకరు ‘గాలి సోకింది’ అంటారు. ఒకరు ‘దిష్టి’ అంటారు. ఇంకొకరు ‘ఎండదెబ్బ’ అంటారు. నాలుగు అక్షరాలు చదువుకున్నవాళ్ళం ‘కొక్కెర’ అనేస్తాం. పేరు పెట్టగానే విచారణ ఆగిపోతుంది. బతికిన కోళ్ళను కాళ్ళు కట్టి సంతకు తోలేస్తారు. ఇక ఆ రోగం పది ఊళ్ళు చూస్తుంది.

మన బొగ్గు బెల్టులో కోడి

ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ వచ్చింది. కొత్తగూడెంలో 1937లో, రామగుండం వైపు 1961లో గనులు మొదలైనవి. గని వచ్చిన చోటికి కూలి వచ్చాడు. కూలి వెంట కాలనీ వచ్చింది. కాలనీ వెంట సంత వచ్చింది. ఆదివారం నాడు కాలనీలో కూర కావాలి, గూడెంలో చేతికి నాలుగు డబ్బులు కావాలి. ఈ రెండు అవసరాలనూ కలిపింది నాటుకోడి.

నాటుపెట్ట ఏడాది మొత్తంమీద అరవై గుడ్ల లోపే పెడుతుంది. లెక్క చూస్తే చిన్నదే. కాని ఆ పెట్టకు షెడ్డు అక్కరలేదు, బస్తాల మేత అక్కరలేదు. రాలిన గింజ, పురుగు, పుట్టలో చెద ఏరుకు తింటుంది. పొదుగుతుంది, పిల్లలను తిప్పుకుంటుంది. కోయగూడెంలో వేల్పుకు కోడి కావాలి, చుట్టం వస్తే కోడి కావాలి, పిల్లవాని పుస్తకాలకు, ముసలమ్మ మందులకు అమ్ముకునేదీ కోడే. ఈ డబ్బు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ చేతి డబ్బు. లేనివాళ్ళు ఉన్నవాళ్ళ దగ్గర పెట్టను వాటాకు తెచ్చుకొని, దిగిన పిల్లల్లో సగం ఇచ్చుకోవడం కూడా ఉన్నది. కాబట్టి ఇరవై కోళ్ళు రెండు రోజుల్లో పోయినవంటే ఒక ఇంటి నిలువ సొమ్ము పోయినట్టే. పంటనష్టం రాసుకునే కాగితంలో ఈ నష్టానికి గడి లేదు.

కలరానా, ప్లేగా?

ఇక చరిత్రలోకి పోదాం. పందొమ్మిదవ శతాబ్దంలో యూరపులో కోళ్ళు గుంపులు గుంపులుగా చచ్చేవి. వాటిలో ఒక రోగానికి కోళ్ళ కలరా అని పేరు. దాని సూక్ష్మజీవిని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ సీసాలో పెంచి, బలం తగ్గించి, 1880లో టీకాగా మార్చి చూపించాడు. ప్రయోగశాలలో సూక్ష్మజీవిని బలహీనపరచి టీకాగా వాడవచ్చునని లోకానికి తెలిసింది కోడి మూలంగానే.

అయితే అదే కాలంలో ఇటలీలో ఇంకొక రోగం కోళ్ళను ఊడ్చిపెట్టింది. 1878లో పెరొంచితో అనే శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించాడు. పైకి చూస్తే అదీ కలరా లాగానే ఉండేది. అదే హఠాత్తు చావు, అదే నల్లబడ్డ జుట్టు. మొదట రెంటినీ కలిపేసి చూశారు. 1880లో రివోల్టా, డెల్‌ప్రాటో అనే ఇద్దరు, ఇది కలరా కాదు, వేరే రోగమని తేల్చారు. దీనికి కోళ్ళ ప్లేగు అని పేరు స్థిరపడింది. 1901లో ఇటలీలోనే ఇంకొక సంగతి బయటపడింది. చచ్చిన కోడి రసాన్ని సూక్ష్మజీవులను ఆపగల సన్నని వడపోత గుండా పంపినా, వడిగట్టిన ఆ నీరు మరో కోడిని చంపుతున్నది! అంటే వడపోతకు చిక్కనంత చిన్నది ఏదో అందులో ఉన్నది. దానినే మనం ఈనాడు వైరస్ అంటున్నాం.

మొదటి పాఠం ఇక్కడ గుర్తుపెట్టుకోండి. ఒకే రకంగా చచ్చిన కోళ్ళు ఒకే రోగంతో చచ్చినట్టు కాదు. కన్ను ఒకటని చెప్పింది, పరీక్ష రెండని చెప్పింది.

మూడు చోట్ల ఒకే చావు

1926లో జావా ద్వీపంలో కోళ్ళు విపరీతంగా చచ్చినవి. అక్కడి పశువైద్యుడు క్రానెవెల్డ్ ఆ సంగతి రాశాడు. అదే ఏడాది ఇంగ్లండులో న్యూకాజిల్ పట్టణం దగ్గర కోళ్ళకు ఇటువంటి రోగమే తగిలింది. నోరు తెరిచి ఎగబీల్చడం, పచ్చని నీళ్ళ విరేచనం, రెక్కలు వాలేయడం, రోజుల్లోనే చావు. చూసినవాళ్ళు సహజంగానే కోళ్ళ ప్లేగు అనుకోవచ్చు. డాయిల్ అనే పరిశోధకుడు అట్లా వదిలిపెట్టలేదు. వడపోత పరీక్ష చేసి ఇది వైరసేనని చూశాడు. కాని ప్లేగుకు తట్టుకునే శక్తి వచ్చిన పక్షులు ఈ కొత్త రోగానికి తట్టుకోలేదు. కాబట్టి వైరసు వేరు, రోగం వేరు. 1927లో ఆయన ఈ సంగతి ప్రకటించి దానికి న్యూకాజిల్ వ్యాధి అని పేరు పెట్టాడు. లక్షణాన్ని బట్టి పేరు పెడితే తర్వాతివాళ్ళు ఆ లక్షణాన్నే వెతుక్కుంటారు. ఊరిపేరు పెడితే ఆ బాధ లేదు.

ఇక మన దేశం సంగతి. 1927లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కోళ్ళు చావడం మొదలైనది. ఆ కొండల్లోనే ముక్తేశ్వర్ అనే చోట దేశానికంతటికీ పశురోగ పరిశోధనశాల ఉండేది. అది 1889లో పూనాలో పుట్టి 1893లో ముక్తేశ్వర్ చేరింది. పశువులను లక్షల్లో చంపుతున్న ముసర రోగం మీద పని చేయాలంటే మంద లేని ఒంటరి కొండ కావాలని అక్కడ పెట్టారు. పెద్ద పశువు కోసం పెట్టిన ఆ శాలకు, కోడి చావు కూడా చూడదగిన విషయమేనని తోచడమే గొప్ప. సంస్థ అధిపతి జె.టి. ఎడ్వర్డ్స్ 1928లో తన వార్షిక నివేదికలో దీనిని కోళ్ళకు వచ్చిన కొత్త రోగంగా నమోదు చేశాడు. తర్వాత కూపర్ అనే ఆయన దానికి కారణం వడపోతలో నిలవని వైరసేనని వివరించాడు. రోగానికి రాణిఖేత్ అనే పేరు వచ్చింది. తరువాత పోల్చి చూస్తే జావాది, న్యూకాజిల్‌ది, రాణిఖేత్‌ది ఒకటే రోగమని తేలింది. మన తెలుగునాట దీనినే కొక్కెర తెగులు అంటున్నాం.

ఊరిపేరు పెట్టినంత మాత్రాన రోగం ఆ ఊళ్ళో పుట్టిందని కాదు, ఆ ఊరి తప్పని కాదు. అక్కడ ఒకరు చూసి, దాచకుండా చెప్పారు, రాసిపెట్టారు. అంతే తేడా. అంతకుముందు ఎన్ని ఊళ్ళలో ఎన్ని కోళ్ళు చచ్చి, లెక్కలోకి రాకుండా పెంటకుప్పలో కలిసినవో ఆలోచించండి.

గుడ్డులో తయారైన మందు

కారణం తెలిసిన తరువాత మందు వెతకడానికి దారి దొరికింది. 1940 దశకంలో ముక్తేశ్వర్‌లో హాడో, ఇద్నానీ అనే పరిశోధకులు ఈ వైరసును పిల్ల పెరుగుతున్న కోడిగుడ్లలో ఒకదాని తరువాత ఒకదానికి ఎక్కించి, దాని విషం తగ్గించారు. అట్లా వచ్చినదే ముక్తేశ్వర్ టీకా. మన పశువైద్యశాలల్లో ఆర్2బి అనే పేరుతో తెలిసినది ఇదే. కోడిని చంపే రోగానికి మందు కోడిగుడ్డులోనే తయారైనది!

అయితే ఈ టీకాలో కొంచెం బలం మిగిలి ఉంటుంది. పసిపిల్లలకు వేస్తే పిల్లలే పోతాయి. అందుకే 8 వారాలు దాటిన కోళ్ళకే సూదితో వేస్తారు. పసిపిల్లల కోసం ఇంకా నెమ్మదైన రకాలు కావలసివచ్చినవి. ఇంగ్లండు నుండి ఎఫ్ రకం వచ్చింది. అమెరికాలో న్యూజెర్సీలోని ఒక కోళ్ళఫారం యజమాని ఇంటిపేరుతో లాసోటా రకం వచ్చింది. పిల్ల పుట్టిన 5–7 రోజుల్లో కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క వేస్తే చాలు. నాలుగో వారంలో మళ్ళీ ఒకసారి, 8 వారాలు దాటాక ఆర్2బి. ఈ వరుస మీ ఊరి పశువైద్యునితో మాట్లాడి స్థిరం చేసుకోండి. మన దగ్గర హైదరాబాదు శాంతినగర్‌లో పశువులకు, పక్షులకు టీకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ కలదు.

మరి మందు ఉన్నప్పుడు మన గూడెంలో కోళ్ళు ఎందుకు చస్తున్నవి? టీకా తయారైనది పెద్ద ఫారాల కొలతకు. ఒక్క బుడ్డిలో వందకు తక్కువ కాకుండా మోతాదులు ఉంటాయి. మన అక్క ఇంట్లో ఉన్నవి పన్నెండు కోళ్ళు. బుడ్డిని చల్లగా మోసుకురావాలి. కలిపిన తరువాత గంటా రెండు గంటల్లో వాడేయాలి. మే నెలలో కొత్తగూడెం ఎండ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఐసు లేని సంచిలో తెచ్చిన టీకా, టీకా కాదు, ఉత్త నీళ్ళు.

దీనికి ఉపాయం మందులో కన్నా మనుషుల ఏర్పాటులో ఉన్నది. ఊరంతా ఒకే రోజు అనుకోవాలి. తెల్లవారుజామున గంపలు ఎత్తక ముందే, గూళ్ళు తెరవక ముందే వరసగా ఇల్లిల్లూ తిరిగితే వంద మోతాదులు ఎనిమిది తొమ్మిది ఇళ్ళకు సరిపోతాయి. ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా దేశాల్లో ఎండను కొంత ఓర్చుకొనే ఐ-2 అనే ఆస్ట్రేలియా రకాన్ని తీసుకొని, పల్లె ఆడవాళ్ళకే చుక్కలు వేయడం నేర్పి ఈ పని నడిపించారు. మనకు దగ్గరలోనే, తూర్పు గోదావరి మన్యంలో ‘ఆంత్ర’ అనే సంస్థ 1990ల నుండి ఆదివాసీ స్త్రీలతో కలిసి నాటుకోళ్ళ మీద పనిచేసింది. ఊళ్ళోవాళ్ళకే పశువైద్యపు మొదటి పనులు నేర్పింది. చేయడం కుదరని పనేమీ కాదు ఇది.

టీకా గురించి ఒక హెచ్చరిక. రోగం వచ్చిన మందకు టీకా వేసి లాభం లేదు. టీకా చేతులతో రోగం ఇంటింటికీ తీసుకుపోయినవాళ్ళం అవుతాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడే వేయాలి.

మూడవ పొరపాటు

ఇంతదాకా విన్నవాళ్ళు, “రాణిఖేత్ తెలిసింది, టీకా ఉన్నది, ఇంకేం సమస్య?” అనవచ్చు. అసలు ప్రమాదం ఇప్పుడే వస్తున్నది. రాణిఖేత్ మనకు బాగా తెలిసిన పేరు కావడమే ఆ ప్రమాదం.

1878 నాటి కోళ్ళ ప్లేగు గుర్తున్నది గదా! దాని వైరసు ఏమిటో 1955లో జర్మనీకి చెందిన షేఫర్ తేల్చాడు. అది మనుషులకు జలుబు జ్వరం తెచ్చే ఇన్‌ఫ్లుయెంజా కుటుంబానికి చెందినదే. ఈనాడు మనం బర్డ్ ఫ్లూ అంటున్నది ఈ పాత ప్లేగునే. అంటే డాయిల్ 1927లో విడదీసిన రెండు రోగాలూ పక్కపక్కనే మన ముందు నిలిచి ఉన్నవి. పైకి రెండూ ఒక్కటే తీరు.

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో ఫారాల్లో కోళ్ళు చచ్చినవి. మొదట రాణిఖేత్ అనుకున్నారు. నమూనాలు భోపాల్‌లోని కట్టుదిట్టమైన పశురోగ ప్రయోగశాలకు పోయినవి. అది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని ఆ నెల 18న ప్రకటించారు. మన దేశంలో కోళ్ళలో అది మొదటిసారి బయటపడటం. తరువాత 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అదే రోగం బయటపడినది. ఇవేమీ మనకు పరదేశాలు కావు. గోదావరికి ఆ ఒడ్డు, ఈ ఒడ్డు. కోళ్ళ బండి రాత్రికి రాత్రి వచ్చి చేరే దూరం.

రెంటినీ విడదీసేది కన్ను కాదు, పరీక్ష. ఆ పరీక్షలో ఒక తమాషా ఉన్నది, వినండి. 1940 దశకం మొదట్లో కనిపెట్టిన సంగతి ఇది. రాణిఖేత్ వైరసును కోడి ఎర్రరక్తకణాలలో కలిపితే కణాలు గుత్తులుగా అతుక్కుంటాయి. చూడగానే ‘దొరికింది దొంగ’ అనిపిస్తుంది. కాని ఇన్‌ఫ్లుయెంజా వైరసు కూడా అట్లాగే అతికిస్తుంది! అప్పుడేం చేస్తారు? రాణిఖేత్‌కు తట్టుకొనే గుణం ఉన్న కోడి రక్తరసం పోసి చూస్తారు. అతుకు ఆగితే రాణిఖేత్. ఆగకపోతే వేరే. ప్రయోగశాలలో కూడా మొదటి గుర్తును నమ్మి లేచిపోరు. రెండో ప్రశ్న వేస్తారు. మరి వాకిట్లో నిలబడి, కోడి మెడ వాల్చిందని చూసి, మనం రోగం పేరు ఖాయంగా ఎట్లా చెప్పగలం?

పేరు తప్పితే ఏమవుతుంది? కొక్కెర అనుకొని కోడిని కోసి, ఈకలు పీకి, కూర వండుకుంటారు. మిగిలినవి సంతకు పోతాయి. రాణిఖేత్ అయితే మనిషికి కళ్ళు ఎర్రబడటంతో పోవచ్చు. బర్డ్ ఫ్లూ అయితే కోసిన చేతులకు, పక్కన ఆడుకునే పిల్లలకు ప్రాణం మీదికి రావచ్చు.

మరి అన్నీ వైరసులేనా?

కాదు. ఇదీ చరిత్రే చెబుతున్నది. 1903లో బ్రెజిల్ దేశంలో మర్షూ, సాలింబెని అనే ఇద్దరు కోళ్ళ చావును పరిశీలించి, కారణాన్ని గూటి గోడలో పట్టుకున్నారు. అది కోడి పిడుదు. పగలంతా చీలికల్లో దాగి రాత్రి వచ్చి రక్తం పీల్చి పోతుంది. పోతూ పోతూ మెలికలు తిరిగిన ఒక సూక్ష్మజీవిని కోడి రక్తంలో వదులుతుంది. జ్వరం, పచ్చ విరేచనం, కాళ్ళు పడిపోవడం చూసి అందరూ కొక్కెర అంటారు. టీకా వేసినా చావు ఆగదు. కారణం కోడిలో లేదు, గూటిలో ఉన్నది. పగలు వెతికితే కనబడదు. రాత్రి దీపం పట్టుకొని చూడండి. దీనికి పశువైద్యుని మందు పనిచేస్తుంది. గూటి చీలికలు మట్టితో మెత్తి సున్నం కొట్టాలి.

ఇక్కడ నా శాఖ సంగతి కూడా వస్తుంది. విత్తనాలు వేసే రోజుల్లో మందు పట్టించిన గింజ గట్టు మీద రాలుతుంది. నారుమడిలో పురుగుమందు గుళికలు చల్లుతాం. కోడి వాటిని ఏరుకొని తింటుంది. పొద్దున మేసినది మధ్యాహ్నానికి పోతుంది. మెడ కింద మేతసంచి నిండుగానే ఉంటుంది. జబ్బుపడిన కోడి మేయదు. విషం తిన్న కోడి మేసి మేసి చస్తుంది. ఆ తేడా గమనించండి. ఖాళీ మందు డబ్బా పెరట్లో పారేసినా, విత్తన సంచి దులిపినా ఇదే ముప్పు.

పేరు పెట్టకముందు వేయవలసిన ప్రశ్నలు

కోళ్ళు చచ్చిన ఇంటికి పోయినప్పుడు, లేదా మీ ఇంట్లోనే చచ్చినప్పుడు, ఒక కాగితం తీసుకొని ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. ఎన్ని ఉన్నవి, ఎన్ని చచ్చినవి, ఎన్ని రోజుల్లో? ఒక్కటి చస్తే ఒక సంగతి. రెండు రోజుల్లో సగం పోతే అది అంటురోగమో విషమో.

2. ఏ వయసువి? మూడు నుండి ఆరు వారాల పిల్లలు రెట్టలో రక్తంతో పోతుంటే రక్తపారుడు రోగాన్ని అనుమానించాలి. తడి నేల, వానకాలం దీనికి తోడు. పిల్లలూ పెద్దవీ అన్నీ పోతుంటే వైరసును అనుమానించాలి.

3. రెట్ట రంగేమిటి? పచ్చగా నీళ్ళలాగానా, సున్నంలాగానా, రక్తంతోనా?

4. ఊపిరి ఎట్లా ఉన్నది? నోరు తెరిచి ఎగబీలుస్తున్నదా? మెడ మెలి తిరిగిందా? రెక్క, కాలు పడిపోయిందా? ఇవి కొక్కెర గుర్తులు, కాని కొక్కెరకే సొంతం కావు.

5. జుట్టు, ముఖం ఎట్లా ఉన్నవి? కురుపులు, పొక్కులు ఉంటే మశూచి. నీలంగా నల్లబడి, ముఖం వాచి, కాళ్ళ మీద ఎర్రని మచ్చలుంటే వెంటనే బర్డ్ ఫ్లూను తలుచుకోవాలి. కలరాలో కూడా జుట్టు నల్లబడుతుంది.

6. ఏ వేళ చచ్చినవి? మే నెల మిట్టమధ్యాహ్నం, నీళ్ళు లేనిచోట, రేకుల కింద చస్తే ఎండదెబ్బ కావచ్చు. తెల్లవారి గంప కింద చస్తే ఎండ కాదు.

7. కొత్త కోడి వచ్చిందా? ఈ రెండు వారాల్లో సంత నుండి, చుట్టాల ఇంటి నుండి, వాటాకు, పందెం నుండి ఏ పక్షి అయినా గుంపులో చేరిందా? చాలా ఇళ్ళలో అసలు కారణం ఈ ప్రశ్న దగ్గరే బయటపడుతుంది.

8. చుట్టుపక్కల ఇళ్ళలో చచ్చినవా? కాకులు, కొంగలు, బాతులు చచ్చి కనిపించినవా?

9. టీకా ఎప్పుడు వేశారు? చల్లగా తెచ్చినదేనా?

ఈ తొమ్మిది జవాబులు కాగితం మీద ఉంటే పశువైద్యునికి సగం పని జరిగినట్టే. ఆయన అవసరమైతే కోడిని కోసి లోపల చూస్తాడు. కందనకాయకు పైనున్న చిన్న పొట్టలో రక్తపు చుక్కలున్నవా, కాలేయం మీద తెల్లని సూదిమొనల మచ్చలున్నవా అని చూస్తాడు. మొదటిది రాణిఖేత్ వైపు చూపిస్తుంది, రెండోది కలరా వైపు. అయినా చివరి మాట ప్రయోగశాలదే.

చేయవలసినవి, చేయరానివి

ఒక్కసారిగా ఎక్కువ కోళ్ళు చస్తే మీరు మాత్రం కోసి చూడవద్దు. ఈకలు పీకవద్దు, వండవద్దు. వాగులో వేయవద్దు, కుక్కలకు వేయవద్దు. ఒట్టి చేత్తో ముట్టవద్దు. ముక్కుకు నోటికి గుడ్డ కట్టుకొని, చేతికి సంచి తొడుక్కొని, చచ్చినదానిని రెండు సంచుల్లో మూట కట్టి నీడన పెట్టి, దగ్గరి పశువైద్యశాలకు ఆ రోజే కబురు చేయండి. నమూనా ఎట్లా తీయాలో, ఎట్లా పంపాలో, మిగిలిన కళేబరాలను ఏ లోతున సున్నం వేసి పూడ్చాలో వారు చెబుతారు. చేతులు, కాళ్ళు సబ్బుతో కడుక్కోండి. బతికిన కోళ్ళను గంప కింద కమ్మి ఉంచండి, ఇల్లు దాటనీయకండి. జ్వరం, దగ్గు వస్తే, కోళ్ళను ముట్టిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

“చెబితే ఉన్నవి కూడా చంపేస్తారేమో” అని భయపడేవాళ్ళు ఉన్నారు. ఆ భయం ఉత్తది కాదు. బర్డ్ ఫ్లూ ఖాయమైతే చుట్టుపక్కల కోళ్ళను చంపడం నిజమే. అందుకు నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నది. కాబట్టి ఎన్ని కోళ్ళున్నవో ముందే లెక్క రాసి ఉంచుకోండి. లెక్క లేని కోడికి పరిహారం ఎట్లా వస్తుంది? అదీగాక, చావు మొదలైన ఎక్కువ సందర్భాల్లో కారణం టీకాతోనో, సున్నంతోనో, మందుతోనో తరువాతి మందను కాపాడుకోదగినదే అవుతుంది. చెప్పకపోతే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. పంట సర్వేకు పోయినప్పుడు “కోళ్ళు ఎట్లా ఉన్నవమ్మా?” అని ఒక్క ప్రశ్న చేర్చండి. మన పని కాదని పోవద్దు. ముక్తేశ్వర్‌లో పశువుల కోసం పెట్టిన శాల కోడిని కూడా చూసింది కాబట్టే మనకీనాడు టీకా ఉన్నది. గోపాలమిత్రతో, పశువైద్యునితో మాట్లాడి, సంక్రాంతి పందేలకూ ఎండాకాలానికీ ముందే, ఊరంతా ఒకే తెల్లవారున టీకా వేసే రోజు పెట్టించండి. మహిళా సంఘం సమావేశంలో ఆ తేదీ చెప్పించండి. సంత నుండి కొత్త కోడి తెచ్చినవాళ్ళు రెండు వారాలు దానిని వేరే గంప కింద ఉంచేటట్టు చూడండి. గంప మన ఇంట్లో ఉన్నదే, ఖర్చు ఏమీ లేదు.

కలరాను ప్లేగునూ ఒకటనుకున్నారు, ప్లేగును న్యూకాజిల్‌నూ ఒకటనుకున్నారు, బర్డ్ ఫ్లూను రాణిఖేత్ అనుకున్నారు. మూడుసార్లూ చిక్కు విడిపోయింది ఒకే కారణం చేత. ఎవరో ఒకరు చచ్చిన కోడిని పారేయకుండా, పేరు పెట్టి ఊరుకోకుండా, ‘ఎందుకు?’ అని అడిగారు. అక్కలారా, ఆ ప్రశ్న మొదట వేసేది మీరే. పొద్దున గంప ఎత్తే చేయి మీదే గదా! ఈ రాత్రే కోళ్ళు లెక్కపెట్టి గోడ మీద బొగ్గుతో రాయండి. రేపు ఆ లెక్క తగ్గితే సంత వైపు కాదు, పశువైద్యశాల వైపు నడవండి.